ఉలవలు వేగిన దారి

అందరి సలహాలు

హేమావతి వెళ్ళొచ్చామంటే పాలకొల్లులో సగం మందికి అదెక్కడుందో తెలియలేదు. తెలిసినవాళ్ళు మాత్రం "సీమలోకా? కారులోనా? మీరే నడుపుకుంటూనా?" అని కళ్ళు పెద్దవి చేశారు. వెళ్ళే ముందు కూడా ఇవే ప్రశ్నలు అడిగారు. కాకపోతే అప్పుడు సలహాలు కూడా జోడించారు.

హేమావతి మడకశిర దాటాక కర్ణాటకను ఆనుకుని ఉన్న చిన్న ఊరు. అక్కడి గుడిలో శివుడు లింగంగా కాక, మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు. మా అత్తగారు ఆ సంగతి టీవీలో చూసినప్పటి నుంచి మమ్మల్ని స్థిమితంగా ఉండనివ్వలేదు. "మనిషిలా కూర్చున్న శివుణ్ణి ఒక్కసారి చూపించరా అబ్బాయ్, ఇంకేమీ అడగను" అని కొడుకుని పట్టుకున్నారు. ఇంకేమీ అడగరని మేమెవరం నమ్మలేదు గానీ, ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఎవరో ఒకరు రెక్క పట్టుకుంటే తప్ప కారు దిగలేరు. ఇంకో ఏడాది ఆగితే ఆ మాత్రం ప్రయాణం కూడా చేయలేరేమోనని నాకు భయం వేసింది. మాఘమాసంలో బయలుదేరాం.

మా ఆయన మంచి మాట ఒక పట్టాన నమ్మరు. భయపెట్టే మాటైతే చెప్పిన మరుక్షణం నమ్ముతారు. దారిలో ఎవరు చెయ్యెత్తినా కారు ఆపొద్దని ఒకరన్నారు. కారు చెడిపోతే దిగకుండా అద్దాలెత్తి, తలుపులు లాక్ చేసుకుని లోపలే కూర్చోమని ఇంకొకరన్నారు. జన్మలో బెజవాడ దాటి ఎరుగని మా తమ్ముడు, "ఎవరైనా కారుకి అడ్డం పడితే అద్దం రెండు వేళ్ళ సందు దించి, వంద నోటు బయట పడేసి కదిలిపొండి బావా" అన్నాడు. ఈ మూడూ ఆయన వేదవాక్కుల్లా గుర్తుపెట్టుకున్నారు. కారు ఆగిపోతే రోడ్డు మీద నిలబెట్టే ఎర్ర త్రికోణం ఒకటి కొన్నారు. దాన్ని డిక్కీలో అట్టడుగున పెట్టి, దాని మీద నా సున్నుండల డబ్బా, జంతికల డబ్బా, మంచినీళ్ళ క్యాను, అత్తగారి బొంత సర్దారు.

ఒక్క విషయం మాత్రం ఎవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు. మనవడు కారు నడుస్తుండగా తలుపు తీసేస్తున్నాడని వెనక తలుపులకి పిల్లల లాక్ వేయించాం. ఆ లాక్ వేస్తే వెనక కూర్చున్నవాళ్ళు లోపలి నుంచి తలుపు తీసుకోలేరు. మనవడు ఊళ్ళోనే ఉండిపోయాడు, లాక్ మాత్రం మాతో వచ్చింది. వెనక సీట్లో అత్తగారు కూర్చున్నారు.

గార్లదిన్నెలో టీ

మా వైపు రోడ్డు పక్కన ఎప్పుడూ ఏదో ఒక నీళ్ళ చప్పుడు ఉంటుంది. పంట కాలువో, బోదో, చేపల చెరువు మోటారో వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ అద్దం దించితే గాలి తప్ప మరేమీ వినపడదు. ఎర్ర నేల, నల్ల గుండ్లు, కంటికి ఆనినంత మేర ఆకాశం. మొదట గుండె బితుకుమంది. ఒక గంట పోయాక కళ్ళకి హాయిగా అనిపించడం మొదలైంది, ఎందుకో చెప్పలేను.

గార్లదిన్నెలో టీకి ఆగాం. టీ పది రూపాయలు, ఉడకబెట్టిన చెనిక్కాయలు దోసెడు ఇరవై. మేం వేరుశనగ అంటే కొట్టావిడ నవ్వి "చెనిక్కాయ" అని సరిదిద్దింది.

"యాడ నుంచి వస్తాండారప్పా?"

"గోదావరి వైపు నుంచండి."

"నీళ్ళుండే దేశం. ఈడికేం చూడను వచ్చినారు?"

"దేవుణ్ణి చూద్దామని" అన్నారు కారులోంచి అత్తగారు.

"అట్లనా! మా దేవుళ్ళు గట్టోళ్ళులే అవ్వా. వానల్లేకున్నా ఊరిడిసి పోకుండా ఈడే ఉండారు" అంది ఆవిడ, అత్తగారి గ్లాసులో ఇంకొంచెం టీ పోస్తూ. దానికి డబ్బు తీసుకోలేదు. ఆవిడ మాటతీరు కొట్టినట్టుగా ఉంటే, చెయ్యి మాత్రం పెడుతూనే ఉంది. తర్వాత నాలుగు రోజులూ ఈ రెండూ కలిసే కనిపించాయి మాకు.

ధర్మవరంలో ఉగ్గాని

ధర్మవరంలో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఉగ్గాని అంటే నానబెట్టి పిండిన బొరుగులకి తాళింపు పెట్టి, పుట్నాల పొడి చల్లినది. మేం మరమరాలంటాం, పిల్లలకి సాయంత్రం చిరుతిండిగా పెడతాం. వీళ్ళు పొద్దున ఫలహారం చేసేసుకున్నారు, అదీ బజ్జీ నంజుకుంటూ. రెండో ప్లేటు నేనే అడిగాను. మా ఆయన మూడోది అడిగారు.

తరవాత ఒక నేత ఇంటికి వెళ్ళాం. ఇంటి మధ్యలో గుంట మగ్గం, ఆ గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని నేసే సరోజమ్మ, పక్క గదిలో దారం చుట్టే ఆమె భర్త. "నా మోకాళ్ళకి ఇలాంటి గుంట ఇంట్లో తవ్వించరా" అన్నారు అత్తగారు కొడుకుతో. చీర బేరం నేనే చేశాను. ఎంతకు తెగిందో చెబితే మా వాళ్ళు ఎలాగూ మోసపోయావనే అంటారు కాబట్టి చెప్పను.

సరోజమ్మ మాకు ఓళిగలు పెట్టింది. మనం బొబ్బట్లు అంటాం. మేం హేమావతి వెళ్తున్నామని విని మగ్గం ఆపింది.

"ఆ పక్క ఇప్పుడు ఉలవ పెరికిండే కాలమన్నా. ఎండిన కట్టె అంతా రోడ్డు మీద పరిచింటారు, బండ్లు తొక్కితే గింజ రాలుతాదని. దాని మీద పోనీయద్దండి. నిలబెట్టి, పక్కకు తీయమని అడిగి పోండి."

మా ఆయన బుద్ధిగా తలూపారు. కారెక్కాక అసలు మాట బయటపెట్టారు. "చూశావా, రోడ్డు మీద ఏదో పరిచి, బళ్ళు ఆపిస్తారన్నమాట. నేను ఆపేది లేదు." ఆవిడ చెప్పిన దాంట్లోంచి ఈ అర్థం ఎలా పిండారో నాకు తెలియదు. నేను మాత్రం ఓళిగ నములుతూ ఊరుకున్నాను. చీర కొన్న సంతోషంలో ఉన్నాను మరి.

మడకశిరలో రెండు భాషలు

మడకశిర బస్టాండులో మనిషి ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తాడు. విన్నవాడు కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో జవాబిస్తాడు. ఇద్దరికీ ఇబ్బంది లేదు, మధ్యలో మాకే. డబ్బులని ఎవరూ అనరు, దుడ్లు అంటారు. గొర్రెల మందలు బస్సులకి దారివ్వవు, బస్సులే ఆగుతాయి.

మెస్సులో రాగి సంగటి ముద్ద పెట్టి, పక్కన చారు పోశారు. ఒక్క గుక్క తాగి మా ఆయన "ఉలవచారే!" అని కేకపెట్టినంత పని చేశారు. మా గోదావరి పెళ్ళిళ్ళలో ఉలవచారు మీద మీగడ వేసి, గొప్పగా వడ్డిస్తారు. బయట హోటల్లో చిన్న గిన్నె కొనాలంటే ఆలోచించాలి. ఇక్కడ అడగకుండానే పోస్తున్నారు, మళ్ళీ మళ్ళీ పోస్తున్నారు. ఇంతకాలంగా తింటున్నాను గానీ ఆ గింజ మొక్క నుంచి ఎలా విడివడి వస్తుందో ఏనాడూ ఆలోచించలేదు. ఆ మధ్యాహ్నమే తెలిసింది.

పేరు తెలియని మలుపు

మడకశిర దాటాక రోడ్డు సన్నబడింది. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా రోడ్డు నిండా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, మోకాటి ఎత్తున ఎండిన తీగలు పరిచి ఉన్నాయి. ఉలవ కట్టె. పక్కన చేలో నలుగురైదుగురు ఆడవాళ్ళు చేటలతో తూర్పారబడుతున్నారు. మా ఆయన ఆపలేదు. కారు పరుపు మీద నడిచినట్టు మెత్తగా పోయింది. "భలే ఉందే" అన్నారాయన. కొంచెం దూరంలో ఇంకో కుప్ప, దాని మీద కూడా పోనిచ్చారు. కారు కాస్త బరువుగా లాగింది.

అప్పుడు అత్తగారు ముక్కు ఎగబీల్చి, "ఎవరో ఉలవలు వేపుతున్నారమ్మాయ్. కమ్మగా ఉంది వాసన" అన్నారు.

నాకూ వచ్చింది ఆ వాసన. నోట్లో నీళ్ళూరాయి కూడా. వెనక ఆడవాళ్ళు అరుస్తూ చేతులూపడం అద్దంలో కనిపించింది. మా ఆయన చకచకా నాలుగు అద్దాలూ ఎత్తేసి తలుపులు లాక్ చేశారు. "చెప్పారు కదా, ఆపొద్దని."

ముందు మూడో కుప్ప ఉంది. దానికివతల ఒకామె చేట పట్టుకుని రోడ్డెక్కింది. మమ్మల్ని చూసి, చేట పక్కన పడేసి, నడి రోడ్డు మీదకి వచ్చి రెండు చేతులూ బారచాపి నిలబడింది. మా ఆయన హారన్ మోగించారు. ఆమె కదల్లేదు. మళ్ళీ మోగించారు. ఆమె రెప్ప కూడా వేయలేదు. నేను "ఆపండీ!" అని అరిచాను. కారు ఆమెకి మూరెడు దూరంలో ఆగింది, ఆగుతూనే ఇంజను కూడా చచ్చింది.

తమ్ముడు చెప్పినట్టే మా ఆయన అద్దం రెండు వేళ్ళ సందు దించి, జేబులోంచి వంద నోటు తీసి ఆ సందులోంచి బయటికి చాపారు. ఆమె ఆ నోటు వంక చూసింది. అంత కోపం నేను ఆడమనిషి మొహంలో చాలా అరుదుగా చూశాను.

"నీ దుడ్లెవరికి కావాలప్పా! దిగు! కారు కింద నిప్పంటుకుండాది! దిగు ముందు!"

ఆయన నమ్మలేదు. నా వైపు అద్దంలో తెల్లగా పొగ కనిపించింది. ఇందాక కమ్మగా అనిపించిన వాసన ఇప్పుడు మాడు వాసనైంది. "పొగండీ, పొగ!" అని ఆయన భుజం పట్టి కుదిపాను. ఆయన తన తలుపు తీసుకుని దిగారు, నేను నా వైపు దిగాను. వెనక అత్తగారు తలుపు పిడి పట్టుకుని లాగుతున్నారు. అది రావడం లేదు.

పిల్లల లాక్ గుర్తొచ్చి వెనక తలుపు పట్టుకుని లాగాను. బయట నుంచి లాగితే రావాలి, కానీ ఇందాక ఈయన వేసిన లాక్ అలాగే ఉంది. అద్దానికి అవతల అత్తగారి నోరు కదులుతోంది, మాట వినపడటం లేదు. ఆయనేమో రోడ్డు మధ్య నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడిపోయారు. "లాక్ తియ్యండీ!" అని నేను పెట్టిన కేకకి నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. ఆయన ఉలిక్కిపడి కారులోకి వంగి మీట నొక్కారు. తలుపు తెరుచుకుంది. అంతవరకు కాలం ఎంత గడిచిందో చెప్పలేను, నా మటుకు నాకు చాలా గడిచింది.

అత్తగారి మోకాళ్ళు లేవలేదు. ఇందాక చేతులు బారచాపి నిలబడ్డ ఆమె నన్ను పక్కకి తోసి, కారు పక్కన వంగి వీపు చూపించింది. "నా మెడ పట్టుకో అవ్వా, గట్టిగా పట్టుకో." అత్తగారిని అలాగే వీపు మీద వేసుకుని రోడ్డు దిగి, చేలో అంత దూరాన ఉన్న కానుగ చెట్టు దాకా మోసుకుపోయింది. నేను వెనకే పరుగెత్తాను.

"నా మాత్రల సంచీ" అన్నారు అత్తగారు కూర్చోగానే. నేను వెనక్కి తిరగబోతే ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

"కాలిపోతే పోనీ. ఇంగో సంచి కొనుక్కోవచ్చు. నువ్వు కదలాకు."

నిప్పు, మట్టి, దోటి

ఈ పని చేసేటప్పుడు రోడ్డు పక్కన నీళ్ళ డ్రమ్ము, తడి గోనె సంచులు పెట్టుకోవడం వాళ్ళకి అలవాటట. ఆడవాళ్ళు గంపలతో మట్టి ఎత్తి కారు కింద పోశారు. అప్పటికి చిన్న మంట లేచింది. మా ఆయన ముందుకెళ్ళి బానెట్ ఎత్తబోతే, గొర్రెల మంద వదిలేసి పరుగెత్తుకొచ్చిన ఒకాయన గదమాయించాడు.

"తెరవద్దప్పా! గాలి తగిలితే పైకి లేస్తాది!"

ఆయన ఇందాకటి ఆమె భర్త, గంగన్న. ఆమె పేరు మారెక్క. ఈ పేర్లు తర్వాత తెలిశాయి. గంగన్న చేతిలో దోటి ఉంది. మేకలకి కొమ్మలు కోసే పొడుగాటి కర్ర, కొసన చిన్న కొడవలి. దూరంగా నిలబడే ఆ దోటితో కారు కిందనుంచి మండుతున్న కట్టెని లాగాడు. తీగలు పేనుకుపోయి, జడలు జడలుగా వచ్చాయి. లాగినదాని మీద లాగినట్టు ఆడవాళ్ళు తడి సంచులు కప్పారు. మంట ఆరిపోయింది. ఇంత పెద్ద కారూ మిగిలింది. అత్తగారు కానుగ చెట్టు కింద దండం పెడుతూ కూర్చున్నారు, ఎవరికో తెలియలేదు.

నేను మట్టిలో కూలబడి ఏడ్చాను. సిగ్గేమీ వేయలేదు.

కారు సగం రోడ్డు మీద, మలుపు పక్కనే ఆగి ఉంది. మారెక్క అందరికన్నా ముందు ఆ సంగతి చూసింది. వెనక మలుపు దాకా నడిచి, రోడ్డు మీద తుమ్మ కంప వేసి, దానికి ముందు రాళ్ళు పేర్చింది. అప్పుడు మా ఆయనకి తన త్రికోణం గుర్తొచ్చింది. పొగ పూర్తిగా పోయిందని గంగన్న చెప్పాక డిక్కీ తెరిచి, సున్నుండలు, జంతికలు, బొంత అన్నీ రోడ్డు పక్కన పేర్చి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని దాన్ని బయటికి తీశారు. మడత విప్పడం ఎంతకీ రాలేదు. వచ్చాక అది నిలబడలేదు, గాలికి పడిపోతోంది. మారెక్క దాన్ని తీసుకుపోయి తన రాళ్ళ కుప్ప మీద పెట్టింది. "అందంగా ఉండాది" అంది.

కారులోకి మాత్రం ఎవర్నీ ఎక్కనివ్వలేదు. "ఎనక నుంచి బస్సు వస్తే? ఈడ చెట్టు కింద కూర్చోండి" అంది. మా ఊళ్ళో మాకు చెప్పినదానికి ఇది పూర్తిగా తిరగబడి ఉంది. నేను ఏ మాట మీద బతికి ఉన్నానో నాకు తెలుసు కాబట్టి కానుగ చెట్టు కిందే కూర్చున్నాను.

కానుగ నీడలో

గంగన్న ఫోన్ చేస్తే మడకశిర నుంచి ఖాదర్ అనే మెకానిక్ బండి మీద బయలుదేరాడు. అతను వచ్చేలోపు మారెక్క వాళ్ళు తమ అన్నాలు మాకు పంచారు. సంగటి, చెనిక్కాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి, ఉలవచారు. నా సున్నుండలు వాళ్ళు తిన్నారు. "తీపి శానా ఎక్కువేసినావక్కా" అంది మారెక్క, రెండోది తీసుకుంటూ.

అత్తగారు ఆమె చెయ్యి వదలడం లేదు. "నువ్వు అలా కారుకి అడ్డంగా నిలబడ్డావే, మా వాడు బ్రేకు వేయకపోతే ఏమైపోదువమ్మా?"

"ఏమో అవ్వా. అంత ఆలోచన చేయల్యా. పోయినేడు మా పక్కూరి కాడ ఇట్లే ఒక కారు కాలిపోయె. అందురూ దిగినారు గానీ, నేను చూస్తానే ఉంటి, కారు నిమిషాల్లో బూడిదైపోయె. ఇప్పుడు చూస్తే ఎనక సీట్లో నువ్వు కనపడితివి. నాకు కాళ్ళు ఆగల్యా."

అత్తగారు ఆమె తల నిమిరారు. నాకైతే ఆ క్షణంలో మారెక్క మీద కలిగిన ప్రేమకి పేరు లేదు.

కాసేపటికి మారెక్క మొహం మారింది. గొంతు తగ్గించి నన్ను అడిగింది. "అక్కా, స్టేషన్లో చెప్తారా? రోడ్డు మీద ఎయ్యద్దని ఎస్సై ముందే చెప్పిండాడు. ఈసారి కేసయితే కట్టె అంతా ఎత్తుకపోతారు. ఏడాది పంట."

మంట ఆరగానే మా ఆయన మొదటి కోపంలో "కేసు పెడతాను మీ మీద" అని అరిచిన మాట నిజమే. ఆమె ఆ మాటని ఇప్పటిదాకా మోస్తూనే ఉంది. మమ్మల్ని కాపాడింది ఆమె, మమ్మల్ని ముంచబోయింది ఆమె కట్టె, భయపడుతున్నదీ ఆమే. ఎటు తేల్చాలో నాకు తెలియలేదు.

మా ఆయన కాసేపు మట్టిలో వేలితో గీతలు గీశారు. తర్వాత నెమ్మదిగా, "మేమూ వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తాం. కుప్ప పక్కన రాళ్ళు కూడా పెడతాం. ఎవరూ ఏమీ అనరు, అనేవాళ్ళు మేమే కదా" అన్నారు. "నేను ఎవరికీ చెప్పను. కానీ అమ్మా, ఇలా వేస్తే ఎలా? సగం రోడ్డు వదలొచ్చు కదా?"

"సగం ఇడిస్తే బండ్లన్నీ ఆ సగంలోనే పోతాయన్నా. నా ఉలవ ఎట్ల రాలాల?" అంది మారెక్క. అబద్ధం ఏమీ లేదు. "ఎద్దులు ల్యావు. సిమెంటు కల్లం ఊళ్ళో ఒకటే, అది ఇచ్చేదానికి దినాలు దినాలు కాచుకోవాల."

గంగన్న దోటి కొసన వేలాడుతున్న మాడిన తీగని పీకుతూ ఈ మాటల్లోకి దిగాడు. "పల్చగా పరిస్తే చుట్టుకోదు. మందంగా ఏస్తేనే తంటా. పల్చగా సగానికేసి, రెండు కొసల్లో మనిషిని పెడితే సరి. మెల్లగా తొక్కించుకుందాం."

"రెండు కొసల్లో మనుషులు యాడున్నారు?"

"నువ్వొక కొస, నేనొక కొస. గొర్లు ఆడనే మేస్తాయి."

మారెక్క అతని వైపు తిరిగింది. "ఈ మాట నెల ముందర చెప్పింటే ఏమయ్యా!" అంది. అందరం నవ్వాం. భయపడి బతికినవాళ్ళ నవ్వు కాబట్టి కొంచెం గట్టిగానే నవ్వాం.

ఖాదర్ వచ్చి కారు కింద పడుకుని, వేడి సైలెన్సరుకి చుట్టుకుపోయి మిగిలిన కట్టె కోసి తీశాడు. ఏదో రబ్బరు తొడుగు కరిగిందట, ఒక వైరు మాడిందట. సాయంత్రం కాకముందే కారు కదిలింది. మేం ఎక్కబోతుంటే మారెక్క మళ్ళీ ఆపింది. తుమ్మ కంప లాగేసి, రాళ్ళు ఒక్కొక్కటీ రోడ్డు దింపేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. "మీరు పోతారు. చీకట్లో బైకోడు వస్తే?" మా ఆయన కూడా వంగి రాళ్ళు మోశారు. పొట్ట అడ్డం వచ్చినా మోశారు.

ఆయన ఇవ్వబోయిన నోట్లు ఆమె చూడను కూడా చూడలేదు. సున్నుండల డబ్బా మాత్రం ఉంచుకుంది.

మనిషిలా కూర్చున్న శివుడు

హేమావతిలో మర్నాడు పొద్దున దర్శనమైంది. నల్లరాతి స్తంభాలు అద్దాల్లా మెరుస్తుంటే, లోపల శివుడు నిజంగానే మనిషిలా కూర్చున్నాడు. పక్కింటి పెద్దాయన అరుగు మీద తీరిగ్గా కూర్చున్నట్టుగా ఉన్నాడు. గుడి రద్దీగా లేదు, ఎవరూ తోయలేదు. కావలసినంతసేపు చూసుకోమని పూజారిగారు అత్తగారికి కుర్చీ వేయించారు. మా వైపు పెద్ద గుళ్ళలో ఇలా ఎవరు వేస్తారు?

అత్తగారు చాలాసేపు చూశారు. బయటికొచ్చాక ఏం కోరుకున్నారని అడిగాను. "ఏమీ కోరలేదమ్మాయ్. నిన్ననే వచ్చి ఎత్తుకున్నాడు కదా" అన్నారు. ఇంకేమీ అడగనన్న మాట ఆవిడ నిలబెట్టుకున్నారు.

అదే మలుపు

తిరుగు ప్రయాణంలో ఆ మలుపు దగ్గరికి రాగానే మా ఆయన కారు నడకలోకి తెచ్చారు. ఉలవ కట్టె సగం రోడ్డుకే, పల్చగా పరిచి ఉంది. ఈ కొసన గంగన్న ఎర్రగుడ్డ కట్టిన దోటితో నిలబడ్డాడు. ఆ కొసన, దూరంగా, మారెక్క కొంగు కనిపించింది. గంగన్న గుడ్డ ఊపకముందే మా ఆయన కారు పక్కకి తీసి ఆపారు. దిగి, రోడ్డు మీద బోర్లా పడుకుని కారు కిందకి తొంగి చూశారు. లేవడానికి గంగన్న చెయ్యివ్వాల్సి వచ్చింది. నేనూ దిగి పలకరిస్తున్నాను. అత్తగారు కారులోంచే చెయ్యి ఊపుతున్నారు.

అప్పుడే హేమావతి వైపు నుంచి, మా వెనకనుంచి తెల్ల కారొకటి వచ్చింది. దాని కింద కట్టె ఒక మోపంత వేలాడుతోంది. వెనక ఇంకెవరి ఊళ్ళోనో మందంగా పరిచినదాని మీద తొక్కుకొచ్చినట్టుంది. దాని వెనక సన్నగా తెల్లటి పొగ. గంగన్న దోటి ఎత్తి ఊపాడు. కారు ఆగలేదు. అద్దాలు గబగబా పైకి వెళ్ళడం నాకు స్పష్టంగా కనిపించింది. గంగన్నని తప్పించుకుని ముందుకి పోతోంది. వెనక సీట్లో ఒక పెద్దావిడ, ఆవిడ ఒళ్ళో పసిబిడ్డ.

మా ఆయన పరుగెత్తడం నేను పెళ్ళయిన కొత్తలో చూశాను, మళ్ళీ ఆ రోజు చూశాను. చెప్పులు వదిలేసి నడిరోడ్డు మీదకి వెళ్ళి, రెండు చేతులూ బారచాపి నిలబడ్డారు. హారన్ మోగింది. కదల్లేదు. మళ్ళీ మోగింది. కారు ఆయన పొట్టకి మూరెడు దూరంలో ఆగింది.

డ్రైవరు వైపు అద్దం రెండు వేళ్ళ సందు దిగింది. అందులోంచి ఒక వంద నోటు బయటికి వచ్చింది.

"నీ దుడ్లెవరికి కావాలప్పా!" అని మా ఆయన అరిచారు, పాలకొల్లు గొంతుతో, మారెక్క మాటతో. "కింద నిప్పుంది! లాక్ తియ్యి! వెనకవాళ్ళని దింపు ముందు!"

నేను అప్పటికే వెనక తలుపు పిడి పట్టుకుని ఉన్నాను.